లారీ బల్బు టెస్ట్ ల్యాంపు: ఏడేళ్లు వాడాక

ముందే ఒప్పుకుంటాను. పేరుకు ఇది బల్బు మీద సమీక్షే గానీ, సగం మల్టీమీటరు (వోల్టేజీ, నిరోధం కొలిచే మీటరు) మీదున్న కచ్చ. ఇంకా సరిగ్గా చెప్పాలంటే తీగ తెగకుండా ఉంటే మీటరులో ‘కీ’మని మోగే ఆ కంటిన్యూటీ మోత మీద. దాన్ని నమ్మి ఒక ఎండాకాలం మొత్తం పోగొట్టుకున్నాను.

వస్తువేమీ బ్రహ్మాండం కాదు, కరెంటు ఎక్కడిదాకా వస్తోందో వెలిగి చూపించేది. లారీ పార్కింగ్ లైటులో వేసే 24 వోల్టుల, 5 వాట్ల బల్బు, దానికో హోల్డరు, రెండు మూరల వైరు ముక్కలు రెండు, చివర్లలో క్రొకడైల్ క్లిప్పులు. 2018లో అంతా కలిపి 70 రూపాయలు దాటలేదు. ఇప్పటికి బల్బు మూడుసార్లు మార్చాను, ఒక క్లిప్పు తుప్పుపట్టి ఊడిపోతే మళ్లీ వేశాను. మిగతాదంతా అప్పటిదే.

నేను దీన్ని వాడేది లారీకి కాదు. అనంతపురంలో నా జిరాక్స్ షాపు వెనక గదిలో ఒక పాత పిన్‌బాల్ మెషీను (ఉక్కు బంతిని కొట్టి స్కోరు చేసే ఆట) ఉంది. 1970లలో చికాగోలో తయారైంది. 2015లో బెంగళూరులో పాత సామాన్ల వ్యాపారి దగ్గర కొని, తలపెట్టె (స్కోరు కనిపించే పై పెట్టె) విప్పి, బొలెరోలో పడుకోబెట్టి తెచ్చుకున్నాను. లోపల ఒక్క చిప్పు లేదు. అన్నీ రిలేలు (కరెంటుతో పనిచేసే స్విచ్చులు), కాయిళ్లు (కరెంటు వస్తే ఇనుమును లాగే తీగ చుట్టలు), స్కోరు అంకెలు రాసిన చక్రాలు, గుడ్డ తొడుగు రంగురంగుల వైర్లు. ఆట నియమాలు ఇక్కడ చెప్పను, ఈ కథకు అవి అక్కర్లేదు. (1977లో గాట్‌లీబ్ కంపెనీ ‘సెంటిగ్రేడ్ 37’ అని ఒక ఆట తెచ్చింది, దాని తలపెట్టె అద్దంలో థర్మామీటరు పైకెక్కుతూ ఉంటుంది. నాది అది కాదు. మా ఊళ్లో ఆ ఆట పెడితే మార్చి దాటకుండానే థర్మామీటరు చివరికంటా ఎక్కి కూర్చుంటుంది.)

మొదటి మూడేళ్లు మీటరుతోనే నెట్టుకొచ్చాను. కాలిన ఫ్యూజులు, తెగిన వైర్లు, ఊడిన టంకాలు అన్నీ దాంతోనే దొరికాయి. 2016లో ఒక మిత్రుడు అడిగితే “మంచి డిజిటల్ మీటరు ఒకటి కొనుక్కో, ఇంకేమీ అక్కర్లేదు” అని ధైర్యంగా చెప్పాను కూడా. ఆ మాటకే ఇప్పుడు కొంచెం సవరణ.

2018 మార్చిలో మొదలైంది. పదుల చక్రం 9 నుంచి 0కి తిరిగినప్పుడు వందల చక్రం ఒక అంకె ముందుకు కదలాలి. కదిలేది కాదు. అదీ రోజంతా కాదు, సాయంత్రాలు మాత్రమే. ఆదివారం ఆడుకోవడానికొచ్చే పిల్లలు “అంకుల్, నా వంద మింగేసింది!” అని గోల. పొద్దున నేనొక్కడినే కూర్చుని ఆడితే బుద్ధిగా లెక్కపెట్టేది. సాయంత్రం మా వీధిలో వోల్టేజీ పడిపోతుంది, ఫ్యాను తిరగడంలోనే తెలుస్తుంది. సరే, లో వోల్టేజీకి రిలే లాగడం లేదనుకుని స్టెబిలైజర్ కొన్నాను. “ఇంట్లో ఫ్రిజ్‌కి లేని స్టెబిలైజరు దానికా?” అంది మా ఆవిడ. ఏప్రిల్ అంతా మెషీను చక్కగా పనిచేసింది కాబట్టి నేను మాట్లాడకుండా తల ఎగరేశాను. మేలో మళ్లీ మింగడం మొదలుపెట్టింది. ఈసారి పొద్దున, సాయంత్రం తేడా లేదు. స్టెబిలైజరు సూది 230 దగ్గర కదలకుండా నిలబడే ఉంది.

ఇక స్విచ్చుల్లో ఒకదానికొకటి తాకే పాయింట్ల మీద పడ్డాను. పాత శుభలేఖల అట్టను సన్నటి పట్టీలుగా కత్తిరించి, ప్రతి స్విచ్చు పాయింట్ల మధ్య పెట్టి, వేలితో కొద్దిగా నొక్కి లాగడం. నల్లటి గీత పడితే మురికి వచ్చినట్టు. ఇది మంచి పద్ధతే, ఇప్పటికీ అదే చేస్తాను. కానీ ఓపిక నశించి రెండు మూడు చోట్ల ఉప్పుకాగితం వాడాను. వెండి పాయింట్లకు ఆ పని చేయకూడదు, గీరుకుపోయి మురికి ఇంకా త్వరగా పడుతుంది. స్విచ్చు పట్టీలను వంచే ముందు వాటి స్క్రూలు బిగించాలన్న సంగతి కూడా అప్పుడు తెలియదు. వదులుగా ఉన్నవాటిని వంచి వంచి, తర్వాత బిగించేసరికి అన్నీ మళ్లీ తప్పాయి.

తర్వాత మీటరు. కరెంటు తీసేసి, మెషీను వైర్ల డ్రాయింగు ముందు పరుచుకుని, ఆ దారిలో ఉన్న స్విచ్చులకు ఒక్కొక్కదానికి రెండు వైపులా మీటరు తీగలు పెట్టాను. కీ. కీ. కీ. అన్నీ బాగున్నట్టే. ఒకచోట పరధ్యానంలో, నొక్కకుండా తెరిచి ఉన్న, అంటే మోగకూడని స్విచ్చుకు పెట్టాను. అదీ ‘కీ’. అక్కడ ఆగి ఆలోచించి ఉంటే సగం తలనొప్పి తప్పేది. ఈ మెషీన్లలో కాయిల్ అంటే కొద్ది ఓములే. స్విచ్చు తెరిచి ఉన్నా మీటరు కరెంటు కాయిల్ మీదుగా దిగి, ట్రాన్స్‌ఫార్మర్ చుట్ట మీదుగా తిరిగి, స్విచ్చు అవతలి వైపుకు చేరుకుంటుంది. ముందు గుమ్మం మూసి ఉంటే దొడ్డిదారిన వచ్చినట్టు. మీటరుకు గుమ్మం కనపడదు, మనిషి లోపలికొచ్చాడా లేదా అంతే. ఒకవైపు వైరు ఊడదీసి చూస్తే తప్ప ఆ మోతకు విలువ లేదు.

వైరు ఊడదీశాను కూడా. కానీ తప్పు చోట. వందల రిలే కాయిల్ దగ్గర టంకం కరిగించి వైరు పక్కకు తీసి, మెషీను ఆన్ చేసి, అవసరమైన స్విచ్చులు చేత్తో మూసి పట్టుకుని, ఆ వైరు మీద వోల్టేజీ చూశాను. 25 వోల్టులు, నిండుగా. కరెంటు వస్తోంది, కాయిల్ తీసుకోవడం లేదు, అంటే కాయిలే పోయింది! వైండింగ్ షాపులో ఇచ్చి కొత్తగా చుట్టించాను. మోటార్లు చుట్టే అతను ఇంత చిన్నదా అని నవ్వి, చుట్లు లెక్కపెట్టి మరీ చేశాడు. తెచ్చి బిగించాను. వంద మింగేసింది.

ఆ వారంలోనే ఒక లారీ ఎలక్ట్రీషియను ఆర్‌సీ కాగితాలు జిరాక్స్ తీయించుకోవడానికి షాపుకొచ్చాడు. తాడిపత్రి రోడ్డు వైపు షెడ్డు, 60 దాటిన మనిషి. వెనక గదిలో మెషీను టకటకలాడుతుంటే తొంగిచూశాడు.

“ఏమప్పా ఇది, లారీ రిలే మాదిరి కొట్టుకుంటాండాది?”

నా గోడు చెప్పుకున్నాను. మీటరు చూపించి “కరెంటు వస్తోందన్నా, కాయిలే లాగడం లేదు” అన్నాను. ఆయన మీటరు వైపు చూడను కూడా లేదు.

“దానికేం తెలుసప్పా? మీటరు కరెంటు తాగదు. తాగేదాన్ని పెట్టి చూడు.”

స్కూటరు డిక్కీలోంచి బల్బు తెచ్చాడు. కాయిళ్లన్నిటికీ ఉమ్మడిగా ఉండే వైరు ఏదని అడిగి, ఒక క్లిప్పు దానికి తగిలించాడు. రెండోది చేత్తో పట్టుకుని, నేను డ్రాయింగు చూసి చెబుతుంటే ఫ్యూజు దగ్గర నుంచి ఒక్కో మజిలీ ముట్టుకుంటూ వచ్చాడు. ఫ్యూజు దగ్గర బల్బు పెళ్లిపందిట్లో లైటులా వెలిగింది. పదుల చక్రం స్విచ్చు దాటాక కూడా అంతే. తలపెట్టె నుంచి కింది పెట్టెకు దిగే వైర్లన్నీ ఒక పెద్ద ప్లగ్గు గుండా వెళ్తాయి. ఆ ప్లగ్గుకు పైవైపు ముట్టుకుంటే తెల్లటి వెలుగు. కిందివైపు ముట్టుకుంటే ఆరిపోబోయే అగరుబత్తి కొస.

ప్లగ్గు లాగి చూస్తే ఆ ఒక్క పిన్ను నల్లగా ఉంది, సాకెట్టు లోపల మా ఊరి దుమ్ము. బెంగళూరులో తల విప్పినప్పుడు నేనే లాగిన ప్లగ్గు, ఇక్కడ నేనే నెట్టిన ప్లగ్గు. మూడేళ్లలో దానికి ఒక్కసారి కూడా మీటరు పెట్టలేదు. అది కదిలే వస్తువు కాదు కదా అనుకున్నాను. పిన్ను తుడిచి, సాకెట్టు రేకును దబ్బనంతో కొద్దిగా దగ్గరికి నొక్కి పెట్టాం. పావుగంట పని. ఆయన జిరాక్సుకు నేను డబ్బులు తీసుకోలేదు, దీనికి ఆయన తీసుకోలేదు. బల్బు కూడా నా దగ్గరే వదిలిపోయాడు. నేను కొన్నది హోల్డరు, క్లిప్పులు, వైరు.

తర్వాత తీరిగ్గా లెక్క వేసుకున్నాను. నా మీటరు లోపలి నిరోధం కోటి ఓములు. మధ్యలో చిలుము 100 ఓములున్నా కోటి ముందు అదెంత? ఏమీ తగ్గనట్టే 25 చూపిస్తుంది. కాయిల్ వైరు నేనే ఊడదీశాను కాబట్టి కరెంటు తాగేవాడే దారిలో లేడు. బల్బు అలా కాదు, దాదాపు 0.2 ఆంపియర్లు తాగుతుంది. దారిలో చిలుముంటే వెంటనే నీరసపడుతుంది. మార్చిలో చిలుము తక్కువ, అందుకే వోల్టేజీ పడినప్పుడు మాత్రమే రిలే మొండికేసింది. స్టెబిలైజరు జబ్బు తగ్గించలేదు, నెల రోజులు దాచిపెట్టింది.

అనుకోకుండా దొరికిన లాభం ఇంకొకటి. ఈ మెషీన్లలో చాలా సంకేతాలు క్షణంలో వచ్చిపోతాయి. డిజిటల్ మీటరు తేరుకుని ఏదో అంకె చూపించేలోపు పని అయిపోతుంది. బల్బయితే మెరుస్తుంది. 50 పాయింట్లు కొడితే స్కోరు మోటరు (పదేసి చొప్పున స్కోరు ఎక్కించే మోటరు) ఐదుసార్లు మీటాలి, ఐదు మెరుపులు లెక్కపెట్టుకోవచ్చు. 2021లో ఒకసారి నాలుగే మెరిశాయి. మోటరు పక్కనున్న స్విచ్చు పట్టీ ఒకటి వంగింది, పది నిమిషాల్లో దొరికింది. నా మోటరు అమెరికాలోని 60 హెర్ట్జ్ కరెంటుకు చేసింది, ఇక్కడి 50 మీద నిదానంగా తిరుగుతుంది. లెక్కపెట్టడానికి అదే మేలైంది.

ఇంతగా పొగిడాను గానీ, ఈ బల్బు మార్చిలోనే నా చేతికొచ్చి ఉంటే ప్లగ్గు దొరికేదా అంటే, బహుశా దొరికేది కాదు. ఐదారు ఓముల తేడాకు 5 వాట్ల బల్బు వెలుగు కంటికి తెలిసేంత తగ్గదు. ఆ సంగతి నాకు రెండేళ్లకు గానీ తట్టలేదు. ఇప్పుడు ఇండికేటరుకు వేసే 21 వాట్లది ఒకటి పక్కన ఉంచుకుంటున్నాను, ఎక్కువ తాగుతుంది కాబట్టి చిన్న చిలుము కూడా బయటపడుతుంది. వెలుగు తేడా పట్టాలంటే షాపు షట్టరు సగం దించి చీకటి చేసుకోవాలి. మిట్టమధ్యాహ్నం కుదరని పని. మెషీనులోని 6 వోల్టుల లైట్ల వైపు ఇది ఎర్రగా మినుకుమనడం తప్ప దేనికీ పనికిరాదు, దానికి పాత స్కూటరు 6 వోల్టుల బల్బు వేరే పెట్టుకున్నాను. కాయిల్లో సగం చుట్లు షార్టయ్యాయా అన్నది తెలియాలంటే మళ్లీ ఆ మీటరే దిక్కు.

ఒక దెబ్బ కూడా తగిలింది. తెరిచి ఉన్న స్విచ్చుకు అటూ ఇటూ బల్బు తగిలించాను, వెలుగుతుందేమో చూద్దామని. ఫిలమెంటు చల్లగా ఉన్నప్పుడు మొదటి క్షణం చాలా ఎక్కువ కరెంటు లాగుతుంది. ఆ క్షణం చాలు, అవతల రిలే లాగింది, అది బంతి తగిలితే పడిపోయే టార్గెట్లను పైకి లేపే పెద్ద కాయిల్‌ను కొట్టింది. ఆ కడ్డీ దగ్గరే ఉంది నా ఎడమ చూపుడువేలు. గోరు నల్లబడి ఊడి కొత్తది రావడానికి నాలుగు నెలలు పట్టింది. అప్పట్నుంచి ఒక క్లిప్పు ఉమ్మడి వైరుకే, స్విచ్చుకు అడ్డంగా ఎప్పుడూ పెట్టను. మెయిన్ కరెంటు వచ్చే వైపు, అంటే ట్రాన్స్‌ఫార్మరుకు ముందు, ఈ బల్బును అసలు తీసుకెళ్లకండి.

కొనచ్చా అంటే, నాకు షాపులో మధ్యాహ్నాలు ఖాళీ, మెషీను పక్క గదిలోనే ఉంది, డ్రాయింగు చదవడం అలవాటైంది. అందుకే నాకు కుదిరింది. వారానికో గంట దొరికేవాళ్లకు ఇంత విసుగు అవసరమా అన్నది నేను చెప్పలేను. మీది 1970ల చివర్లో వచ్చిన, రిలేలకు బదులు ఎలక్ట్రానిక్ బోర్డులున్న మెషీను అయితే దీన్ని దగ్గరికి కూడా రానివ్వొద్దు, బల్బు తాగే కరెంటుకు ట్రాన్సిస్టర్లు పోతాయి. రిలేల మెషీను అయితే, మీటరుతో పాటు ఇదీ పెట్టుకోండి. మీటరును పారేయమని మాత్రం అనను. నాది ఇప్పటికీ సొరుగులోనే ఉంది, కాకపోతే ఆ మోత ఉన్న వైపు మీట తిప్పడం బాగా తగ్గించాను.

బల్బు కొనేటప్పుడు మాత్రం దాని మెడ మీద 24 అని రాసుందో లేదో చూసుకోండి. పోయినేడాది నాకు షాపులో కార్లకు వేసే 12 వోల్టులది చేతిలో పెట్టారు, చూడకుండా తెచ్చాను. క్లిప్పు తగిలించగానే ఒక్క మెరుపు మెరిసి ఆరిపోయింది. అది బల్బు తప్పని తట్టక, అరగంట సేపు ఏ తప్పూ లేని మెషీనునే విప్పి చూశాను.