గాంధీరోడ్డు మూసి నేల మీదా, మూయకుండా గోడల మీదా: బొమ్మలకు ఏది మేలు?

తిరుపతి నడిబొడ్డున ఒక వీధిలో బండ్లు ఆపేసి, నేలంతా రంగుల బొమ్మలేసి, నడుమ శిల్పాలు నిలబెడితే బాగుంటుంది కదా అని అడిగేవాళ్లు ఎక్కువయ్యారు. కొందరు గాంధీరోడ్డు అంటారు, కొందరు గోవిందరాజస్వామి గుడి మాడవీధులు అంటారు. బొమ్మలు వద్దని కాదు, వీధి మూయడమే ఇక్కడ కుదరదు.

పూర్తిగా మూసేద్దాం అనేవాళ్లు ఢిల్లీ చాందినీ చౌక్‌ను చూపిస్తారు. అక్కడ 2021 నుంచి 1.3 కిలోమీటర్ల మేర పొద్దున 9 నుంచి రాత్రి 9 దాకా మోటారు బండ్లు రాకూడదు. సరుకు రాత్రిపూట దించుకుంటారు, పగలు రిక్షాలు తిరుగుతాయి. మనకు ఆ రిక్షాలు లేవు. స్టేషన్లో దిగిన కుటుంబం పెట్టెలతో, ముసలివాళ్లతో ఆటో ఎక్కాల్సిందే. గాంధీరోడ్డు మూస్తే ఆ ఆటోలన్నీ తిలక్ రోడ్డు మీదా, పక్క సందుల్లోనూ పడతాయి. తోపుడు బండ్లవాళ్లను పక్కకు జరపాలన్నా 2014 వీధి వ్యాపారుల చట్టం ప్రకారం 30 రోజుల నోటీసు ఇవ్వాలి.

ఇదంతా ఎట్లో సర్దుకోవచ్చు. అసలు చూడాల్సింది వేరే: అవసరం పడితే ఆ వీధి ఎంతసేపట్లో ఖాళీ అవుతుంది? వైశాఖంలో గోవిందరాజస్వామి బ్రహ్మోత్సవాలప్పుడు ఎనిమిదో రోజు రథం మాడవీధులు తిరగాలి. ఆరడుగుల శిల్పం గాలికి ఒరగకుండా నిలవాలంటే కాంక్రీటు దిమ్మె పోసి బోల్టులు బిగించాలి. తీయాలంటే క్రేను రావాలి, దిమ్మెను బ్రేకరుతో పగలగొట్టాలి, గుంత పూడ్చాలి. దిమ్మె కింద మంచినీటి పైపో, భూగర్భ డ్రైనేజీయో ఉంటే మరమ్మతు వచ్చినప్పుడల్లా ఇదే తంతు. పైగా వాననీరు పోయే వాలుకు దిమ్మె అడ్డం పడితే నవంబరులో మోకాటి లోతు నీళ్లలో శిల్పాన్ని చూడాలి.

నేల మీది రంగుకు ఇంకో చిక్కు ఉంది. తారు ఎండకు మెత్తబడి అందులోని నూనె పైకి వస్తుంది. తెలుపు రంగు పసుపు తిరుగుతుంది, ఎనామిల్ అయితే పగుళ్లిస్తుంది, తడిస్తే జారుతుంది. రోడ్డు గీతలకు వాడే థర్మోప్లాస్టిక్ గట్టిగా నిలుస్తుంది గానీ దాన్ని 180 డిగ్రీలకు పైగా కాచి పోయాలి, దానితో సన్నని గీత రాదు. చెప్పుల్లేకుండా నడిచే ఊరు ఇది. తిరుమల మాడవీధుల్లో ఎండాకాలం తెల్ల కూల్ పెయింట్ వేసేది అందుకే. మే నెలలో ముదురు నీలం, నలుపు మీద కాలు పెట్టలేం. ఇంకా, దేవుడి బొమ్మను కాళ్ల కింద వేయనిస్తారా? అప్పుడిక ఈ ఊళ్లో గీయడానికి మిగిలేదెంత?

కొన్ని గంటలు మాత్రమే మూయడం కొంత నయం. హైదరాబాదు ట్యాంక్‌బండ్ మీద 2021లో ఆదివారం సాయంత్రాలు ఇట్లాగే చేశారు. మనకు మాత్రం శని, ఆదివారాల్లోనే యాత్రికుల రద్దీ, కాబట్టి మంగళ, బుధవారాలు చూసుకోవాలి. ధనుర్మాసంలో తెల్లవారుజామున 4 నుంచి 7 దాకా ముగ్గులకు ఇస్తే చాలు. పిండి ముగ్గు చీపురుతో పోతుంది, బారికేడ్లు పది నిమిషాల్లో పక్కకు జరుగుతాయి.

గోడలకైతే వీధి ఖాళీ చేసే పనే లేదు. ఢిల్లీ లోధీ కాలనీలోనూ, హైదరాబాదు మక్తాలోనూ గోడల మీదే వేశారు. శ్రీకాళహస్తి కలంకారీ గీత మనకు పక్కనే ఉంది. నల్లగీత, రెండు మూడు రంగులు గోడకు బాగా ఒప్పుతాయి. గుడ్డకు వాడే కరక్కాయ, చెట్టు రంగులు మాత్రం గోడ మీద ఎండకు నిలవవు. బయటి గోడలకని అమ్మే నీటి రంగు, ఎక్స్‌టీరియర్ ఎమల్షన్ వాడాలి.

గోడ చెడేది రంగు వల్ల కాదు, కింది పని వల్ల. పాత సున్నం పెచ్చులు గీకి, కడిగి, పూర్తిగా ఆరనివ్వాలి. చెమ్మ ఉంటే ఉప్పు పేరి ఏడాదిలోపే బొమ్మ ఊడుతుంది, ముందు పైపు లీకు ఆపాలి. కొత్త సిమెంటు పూత అయితే 28 రోజులు ఆగాలి. తర్వాత పుట్టీ, ప్రైమర్, నాలుగు గంటల ఎడంతో రెండు పూతలు. రెండు పూతలకు లీటరు రంగు దాదాపు 50 చదరపు అడుగులకు సరిపోతుంది. కింద మూడడుగులు బొమ్మ వేయకుండా ముదురు రంగు కొట్టి వదిలేయండి, బురద చిల్లేదీ పోస్టర్లు అతికించేదీ అక్కడే.

ఊళ్లోని ఫ్లైఓవర్ శ్రీనివాస సేతు స్తంభాలకూ ఇదే పద్ధతి, పరంజా కోసం రాత్రిపూట ఒక వరస ఆపితే సరిపోతుంది. కాంక్రీటు అతుకుల మీద, పగుళ్ల మీద మాత్రం రంగు కప్పకూడదు, తనిఖీకి వచ్చిన ఇంజనీరుకు అవి కనబడాలి.

వీధి మీద రంగుల గొడుగులు కట్టడం ఫొటోలకు తప్ప పనికిరాదు, తీగలు రథానికి అడ్డం. సిగ్నల్ పెట్టెలకు రంగులా, వేసుకోండి, ఎవరికీ నష్టం లేదు.

ఈశాన్య రుతుపవనాల తడి ఆరాక సంక్రాంతి దాటి పని మొదలుపెట్టి ఉగాది లోపు ముగించండి. ఆ తర్వాత ఎండకు కాగిన గోడ మీద రంగు కుంచె తిప్పేలోపే ఆరిపోయి పొరలుగా లేస్తుంది.