సైప్రెస్ 2: కోనసీమ నుంచి, కొన్నేళ్ల వాడకం తర్వాత

నేను విమానం నుంచి ప్యారాచూట్‌తో దూకేది మైసూరులో. నా ప్యారాచూట్ సంచి ఉండేది మాత్రం అమలాపురంలో, తేమ తగలకుండా పై అంతస్తు బీరువాలో. అందులో ఉన్న సైప్రెస్ 2 గురించి, అంటే ఆపదలో రిజర్వు (రెండో, అత్యవసర) ప్యారాచూట్‌ను తనంతట తానే తెరిపించే పరికరం గురించి, మన వైపు కుర్రాళ్లు తరచూ అడుగుతున్నారు.

ఇది జర్మనీలోని ఎయిర్‌టెక్ తయారీ. మొదటి సైప్రెస్ 1991లో వచ్చింది. మనిషి స్పృహ తప్పినా, ఎత్తు చూసుకోవడం మరిచినా, ఇది గాలి పీడనాన్ని బట్టి లెక్క కడుతూనే ఉంటుంది. సుమారు 225 మీటర్ల ఎత్తులో కూడా సెకనుకు 35 మీటర్లకు మించిన వేగంతో పడుతుంటే, రిజర్వు ప్యారాచూట్‌ను మూసి ఉంచే తాడును తెంపేస్తుంది. పూర్తి వేగంతో పడేవారికి అక్కడి నుంచి నేల నాలుగు సెకన్ల దూరమే.

ఆన్ చేసే పద్ధతి నాకెంతో నచ్చింది. బటన్ నొక్కాలి, ఎర్ర లైటు వెలగగానే మళ్లీ నొక్కాలి. ఇలా మొత్తం నాలుగు నొక్కులు. లైటుకు ముందు నొక్కినా, ఆలస్యం చేసినా ఆన్ కాదు. పొరపాటున చెయ్యి తగిలితే ఆన్ కాకూడదనే ఈ ఏర్పాటు.

డెల్టా వాళ్లం మరీ జాగ్రత్తపడాల్సింది ఇక్కడే. ఆన్ చేసిన చోటునే ఇది నేలగా తీసుకుంటుంది. అమలాపురం దాదాపు సముద్ర మట్టంలో ఉంటే, మైసూరు 700 మీటర్లకు పైనే ఉంది. ఇంట్లో ఆన్ చేసి తెస్తే, మైసూరు నేల దగ్గరపడినా ఇది ఇంకా 700 మీటర్ల పైనే ఉన్నామనుకుని తాడు తెంపదు. 14 గంటలకు దానంతట అదే ఆగిపోతుంది నిజమే, కానీ రాజమండ్రిలో విమానమెక్కితే అంతకు ముందే చేరతాం. అందుకే డ్రాప్ జోన్‌కు (దూకే మైదానానికి) చేరాకే ఆన్ చేయాలి. ముందే ఆన్‌లో ఉంటే ఆపి మళ్లీ మొదలుపెట్టాలి.

"అన్నయ్యా, ఇది ఉంటే ప్యారాచూట్ తెరిచే హ్యాండిల్ లాగడం మరిచినా పరవాలేదు కదా?" అని భీమవరం కుర్రాడొకడు అడిగాడు. చాలా పరవా ఉంది తమ్ముడూ. ప్యారాచూట్ సగం చిక్కుకుని వేగం తగ్గితే ఇది కదలదు. పూర్తిగా విచ్చుకున్న ప్యారాచూట్‌తో నేలకు దగ్గరగా గట్టి మలుపు తిప్పినా కదలదు. ఈ క్రీడలో ఎన్నో ప్రాణాలు పోతున్నది ఆ మలుపుల్లోనే. 2,500 అడుగుల దగ్గర ప్యారాచూట్ సరిగా లేకపోతే, దాన్ని వదిలేసి రిజర్వు లాగాల్సింది మన చేతులే.

ఇది లేకుండా నేను విమానం ఎక్కను. పాతది కొనేవారు మాత్రం తయారీ తేదీ, సర్వీసు కాగితాలు చూశాకే డబ్బివ్వండి.