డెబియన్ 13, 6.12 కెర్నల్ రివ్యూ: ర్యామ్ నిజంగా తగ్గిందా?

మా ఆఫీస్‌లో ఒక పాత మెయిల్ సర్వర్ ఉంది, 4 జీబీ ర్యామ్, ఈఎక్స్‌టీ4 ఫైల్‌సిస్టమ్ ఉన్న డిస్క్, మెయిల్స్ అన్నీ మెయిల్‌డిర్ ఫార్మాట్‌లో ఉంటాయి అంటే ఒక్కో మెయిల్‌కి ఒక్కో ఫైల్, అలా లక్షల ఫైల్స్. కొత్త ర్యామ్ కొనమని మేనేజర్‌ని అడిగే బదులు ముందు డెబియన్ (ఒక లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్) 12 నుంచి 13కి మార్చి చూద్దాం అనుకున్నాం, ఎందుకంటే 12లో 6.1 కెర్నల్ (సిస్టమ్‌కి గుండెకాయ లాంటి ప్రోగ్రామ్), 13లో 6.12, ఈ 6.12లో ఫైల్‌సిస్టమ్ స్ట్రక్చర్లని (ఫైల్స్ వివరాల కోసం కెర్నల్ ర్యామ్‌లో పెట్టుకునే పెట్టెలు) బాగా కుదించారని చాలా రోజుల్నుంచి వింటున్నాం. ఈ రివ్యూ ఆ ఒక్క విషయం గురించే. డెస్క్‌టాప్ ఎలా ఉంది, వాల్‌పేపర్ ఎలా ఉంది అనేవి నాకు తెలీదు, ఆ మెషీన్‌కి మానిటరే లేదు.

ముందు మంచి మాట. 6.12లో కెర్నల్ డెవలపర్ క్రిస్టియన్ బ్రౌనర్ చేసిన పని నిజంగా చూడముచ్చటగా ఉంది. మనం ఏ ఫైల్ ఓపెన్ చేసినా, పైప్ అయినా సాకెట్ అయినా, కెర్నల్ లోపల దానికొక స్ట్రక్ట్ ఫైల్ పుడుతుంది. అది అంతకుముందు 232 బైట్లు, ఇప్పుడు 184. ఎక్కడ కోశారో చూస్తే నవ్వొస్తుంది. ఫైల్‌లో ఏదైనా జరిగితే ఈ ప్రాసెస్‌కి సిగ్నల్ పంపు అని చెప్పుకునే ఒక పాతకాలం సౌకర్యం ఉంది కదా, దాని ఓనర్ వివరాల కోసం ప్రతి ఓపెన్ ఫైల్‌లోనూ 32 బైట్లు రిజర్వ్ అయిపోయి ఉండేవి, వాడినా వాడకపోయినా. వాడేవాళ్లు ఎంతమంది అంటే వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఇప్పుడు అక్కడ 8 బైట్ల పాయింటర్ మాత్రమే ఉంచి, ఎవరైనా అడిగినప్పుడే మిగతాది అలొకేట్ చేస్తున్నారు, 24 బైట్లు అక్కడే మిగిలాయి. ఇన్నేళ్లు ఇది ఎవరికీ ఎందుకు తట్టలేదో.

దీంట్లో ఇంకో తమాషా ఉంది, నాకు అన్నిటికంటే నచ్చింది ఇదే. క్యాష్ లైన్ అంటే సీపీయూ మెమరీ నుంచి ఒక్కసారి లాగే ముక్క, 64 బైట్లు, మూడు లైన్లంటే 192. 232 బైట్లది స్లాబ్‌లో (ఒకే సైజ్ ఆబ్జెక్ట్‌లని కెర్నల్ వరసగా పేర్చుకునే మెమరీ) 256గా రౌండ్ అయి 4 కేబీ మెమరీ పేజీకి 16 పట్టేవి, 184ది 192గా రౌండ్ అయి 21 పడతాయి. స్ట్రక్చర్‌ని కోసి మూడు లైన్లలోకి తెచ్చారు, తీరా చూస్తే స్లాబ్ అలొకేటర్ తన ఫ్రీ పాయింటర్‌ని (తర్వాతి ఖాళీ చోటు ఎక్కడుందో చెప్పేది) ఆబ్జెక్ట్ బయట పెట్టుకుంటానని కూర్చుంది, ఈ క్యాష్‌కి ఉన్న ఆర్‌సీయూ ఫ్లాగ్ (ఫ్రీ చేశాక కూడా ఆబ్జెక్ట్‌ని ఎవరైనా చదువుతుండొచ్చు అనే గుర్తు) వల్ల దానికి ఆ హక్కు ఉంది, దాంతో మళ్లీ నాలుగో లైన్‌లోకి పోయింది, చేసిన పనంతా బూడిదలో పోసినట్టే. అప్పుడు ఆ పాయింటర్‌ని ఆబ్జెక్ట్ లోపలే ఫలానా చోట పెట్టుకో అని చెప్పే వెసులుబాటు స్లాబ్‌లోకే కొత్తగా తెచ్చారు. ఎనిమిదంటే ఎనిమిది బైట్ల కోసం అలొకేటర్‌నే మార్చారన్నమాట, ఈ పట్టుదలకి మాత్రం దండం పెట్టాలి.

సరే, మా సర్వర్‌కి ఏం ఒరిగింది? నిజం చెప్పాలంటే దాదాపు ఏమీ లేదు. ఆబ్జెక్ట్‌కి 64 బైట్లు మిగిలినా, ఒకేసారి ఇరవై వేల ఫైల్స్ ఓపెన్‌లో ఉన్నా వచ్చే ఆదా 1.3 ఎంబీ లోపే, ఒక ఫోన్ ఫోటో సైజ్ కూడా కాదు. స్ట్రక్ట్ ఫైల్ అనేది ఓపెన్‌లో ఉన్న ఫైల్స్‌కే కదా ఉండేది, మా గోల డిస్క్ మీద పడున్న ఫైల్స్‌తో. కనెక్షన్లు లక్షల్లో ఉండే పెద్ద ప్రాక్సీ సర్వర్లకి ఇది లెక్కలోకి వస్తుంది, స్పీడ్ పరంగా కూడా అక్కడ ఉపయోగమే. మాలాంటి వాళ్లకి కాదు.

స్లాబ్‌టాప్ (ఏ స్లాబ్ ఎంత ర్యామ్ తింటోందో చూపే టూల్) పెట్టి చూడండి, పైన ఎవరుంటారో తెలుస్తుంది. మా దగ్గర రాత్రి ఆర్‌సింక్ బ్యాకప్ అయ్యాక మొదటి వరసలో ఈఎక్స్‌టీ4 ఐనోడ్ క్యాష్ (ఐనోడ్ అంటే ఒక ఫైల్ సైజ్, డేట్ లాంటి వివరాలు), దాని వెనకే డెంట్రీ (ఫైల్ పేరుని దాని ఐనోడ్‌కి కలిపేది). అప్‌గ్రేడ్‌కి ముందూ అదే వరస, తర్వాతా అదే. డెంట్రీ 192 బైట్లు, ఐనోడ్ ఒక్కోటి కిలోబైట్ దాటి ఉంటుంది. పది లక్షల ఫైల్స్‌ని ఆర్‌సింక్ ఒకసారి స్టాట్ చేసిందంటే, అంటే వాటి సైజ్, డేట్ అడిగిందంటే, ఈ రెండూ కలిపి 1.3 జీబీ దాకా తింటాయి, ఇంకా ఒక్క మెయిల్ కూడా చదవలేదు మీరు. డిస్క్ మీద ఈఎక్స్‌టీ4 ఐనోడ్ డిఫాల్ట్‌గా 256 బైట్లే, మెమరీలోకి రాగానే నాలుగింతలు ఎందుకవుతుంది అని మా జూనియర్ అడిగాడు, మంచి ప్రశ్న. లాక్‌లు, లిస్ట్ పాయింటర్లు, జర్నల్ తాలూకు సరంజామా, వీటన్నిటితో పాటు ఫైల్ డేటా పేజీలని ట్రాక్ చేసే అడ్రస్ స్పేస్ అనే స్ట్రక్చర్ మొత్తం ఐనోడ్ లోపలే కూర్చుని ఉంటుంది, ఫైల్‌ని తెరవకుండా కేవలం సైజ్, డేట్ చూసి వెళ్లిపోయినా సరే అది ఉండాల్సిందే. 6.12 ఈ భాగాన్ని పెద్దగా ముట్టుకోలేదు, నా అసంతృప్తి అంతా ఇక్కడే.

మెయిల్‌డిర్‌కి ఇంకో అదనపు బాదుడు కూడా ఉంది. పేరు చిన్నదైతే, అంటే సుమారు ముప్పై నలభై అక్షరాల లోపు ఉంటే, అది డెంట్రీ లోపలే సర్దుకుంటుంది, దాటితే పేరు కోసం విడిగా మెమరీ తీసుకోవాలి. మెయిల్‌డిర్ ఫైల్ పేరు ఎలా ఉంటుందో తెలుసుగా, టైమ్‌స్టాంప్, ప్రాసెస్ నంబర్, హోస్ట్ పేరు, సైజ్, చివర ఫ్లాగ్‌లు, చాంతాడంత. అందుకే స్లాబ్‌టాప్‌లో కెమాలోక్ ఆర్‌సీఎల్ అనే వరసలు (ఈ విడి పేర్లు పడే చోటు) కూడా డెంట్రీతో పాటే ఉబ్బుతుంటాయి. హోస్ట్ పేరు పొట్టిగా పెట్టుకున్నవాళ్లు అదృష్టవంతులు, మాది కంపెనీ పేరు మొత్తం ఉన్న హోస్ట్ పేరు.

అయితే పాత రోజులతో పోలిస్తే ఇది స్వర్గం, అది కూడా ఒప్పుకోవాలి. 2.4 కెర్నల్‌లో స్ట్రక్ట్ ఐనోడ్ లోపల అన్ని ఫైల్‌సిస్టమ్‌ల వివరాలూ ఒక యూనియన్‌గా ఉండేవి, అంటే మీరు వాడేది చిన్న ఫైల్‌సిస్టమ్ అయినా అందరిలోకీ లావుపాటి ఫైల్‌సిస్టమ్‌కి సరిపడా చోటు ప్రతి ఐనోడ్‌కీ పోయేది. 2.5లో దాన్ని తీసేసి ఎవరి ఐనోడ్ వాళ్లే అలొకేట్ చేసుకునేట్టు మార్చారు. ఆ ఒక్క మార్పు ముందు ఇప్పటి 48 బైట్ల కోత చిన్నదే అనిపిస్తుంది నాకు.

ఇప్పుడు అసలు ముఖ్యమైంది, ఈ 1.3 జీబీ పోయినట్టు కాదు. ఇది రిక్లెయిమబుల్, మెమరీ కావాల్సొస్తే కెర్నల్ వెనక్కి లాక్కుంటుంది. మేం వాడే మానిటరింగ్ టూల్ (పేరెందుకు లెండి) స్లాబ్‌ని కూడా యూజ్డ్‌లో కలిపేసి తెల్లవారుజామున ఎర్ర అలర్ట్‌లు పంపుతుంది, దాన్ని నమ్మి సగం మంది ర్యామ్ కొంటున్నారేమో. 2014లో 3.14 కెర్నల్ నుంచీ మెమ్ అవైలబుల్ అనే లైన్ మెమ్‌ఇన్ఫోలో ఉంది, అది రిక్లెయిమ్ అయ్యే స్లాబ్‌ని కూడా లెక్కేసి చెప్తుంది, అలర్ట్ దాని మీద పెట్టుకోండి చాలు. కాకపోతే ఒక మెలిక, ఒక స్లాబ్‌లో ఇరవైకి పైగా ఐనోడ్లు ఉంటాయి, అందులో ఒక్కటి ఎవరైనా పట్టుకుని ఉన్నా ఆ పేజీలు మొత్తం విడుదల కావు. అందుకే డ్రాప్ క్యాషెస్‌కి (క్యాష్‌లని ఖాళీ చేయమని కెర్నల్‌కి చెప్పే ఫైల్) 2 రాసినా, అది డెంట్రీలు, ఐనోడ్ల లాంటి రిక్లెయిమ్ అయ్యే స్లాబ్ ఆబ్జెక్ట్‌లని వదిలిస్తుంది కానీ, అనుకున్నంత ర్యామ్ ఒక్కోసారి తిరిగి రాదు. దాన్ని క్రాన్‌లో (టైమ్ ప్రకారం పనులు వాటంతటవే నడిపేది) పెట్టేవాళ్లని చూశాను, దయచేసి వద్దు, పొద్దున్నే మెయిల్ ఓపెన్ చేసే అందరికీ డిస్క్ గిలగిల్లాడుతుంది.

వీఎఫ్‌ఎస్ క్యాష్ ప్రెషర్ (డెంట్రీలు, ఐనోడ్లని కెర్నల్ ఎంత గట్టిగా వెనక్కి లాక్కోవాలో చెప్పే సెట్టింగ్) డిఫాల్ట్ 100, మేం 200 చేశాం, బ్యాకప్ తర్వాత డేటాబేస్ పేజీలు కొంచెం ఎక్కువ నిలబడుతున్నాయి. 1000 పెట్టమని ఎవరో ఒకరు సలహా ఇస్తూనే ఉంటారు, అలా పెడితే ఉన్నవాటి కంటే పదింతలు వెతకమన్నట్టే, సీపీయూ ఖర్చు. సున్నా అయితే అసలు పెట్టొద్దు, కెర్నల్ వీటిని ఎప్పటికీ వదలదు, చివరికి ర్యామ్ అయిపోతే ప్రాసెస్‌లని చంపే ఓఓఎం కిల్లర్ వచ్చి మీ డేటాబేస్‌నే లేపేస్తుంది.

ఈ అప్‌గ్రేడ్‌లో నాకు నిజంగా పైసా వసూల్ అనిపించింది కెర్నల్ కాదు, స్ట్రక్చర్ల లోపలి అమరిక చూపే పాహోల్ అనే టూల్. ప్యాకేజీ వేసుకుని, పాహోల్ అని కొట్టి పక్కన స్ట్రక్చర్ పేరు ఇస్తే నడుస్తున్న కెర్నల్‌లోంచే ఏ ఫీల్డ్ ఎన్నో బైట్ దగ్గర ఉంది, క్యాష్ లైన్ ఎక్కడ మారింది, ఎక్కడ ఖాళీ మిగిలింది అన్నీ చూపిస్తుంది. ఖాళీ ఉన్న చోట ఎక్స్‌ఎక్స్‌ఎక్స్ 4 బైట్స్ హోల్, ట్రై టు ప్యాక్ అని రాసి మరీ దెప్పుతుంది. సీ నేర్చుకునే పిల్లలకి కాలేజీలో స్ట్రక్చర్ పాడింగ్ అని బోర్డు మీద బాక్సులు గీసే బదులు ఇది ఒక గంట చూపిస్తే సరిపోతుంది. 5కి 5 దీనికి.

కెర్నల్‌కి నా మార్కులు 5కి 3.5. అప్‌గ్రేడ్ ఏ తలనొప్పీ లేకుండా అయింది, 6.12 లాంగ్ టర్మ్ కెర్నల్ కాబట్టి ధైర్యంగా ఉంచుకోవచ్చు, పెద్ద సర్వర్లకి స్ట్రక్ట్ ఫైల్ కోత పనికొస్తుంది. చిన్న మెషీన్ ఉండి, ర్యామ్ తగ్గించుకోడానికే మారాలనుకుంటే మాత్రం మారకండి, అదే టైమ్‌లో పాత మెయిల్స్‌ని ఆర్కైవ్‌లోకి సర్ది ఫైల్స్ సంఖ్య తగ్గించుకోండి, మేం ఇప్పుడు ఆ పనిలోనే ఉన్నాం.

కంటైనర్లలో బ్యాకప్ నడిపేవాళ్లకి ఇంకో మాట, ఈ డెంట్రీలు, ఐనోడ్లు ఆ కంటైనర్ సీగ్రూప్ (ప్రాసెస్‌ల గుంపుకి మెమరీ లిమిట్ పెట్టే కెర్నల్ సౌకర్యం) ఖాతాలోనే పడతాయి, లిమిట్ బిగించి పెడితే ఆర్‌సింక్ నడుస్తున్నంతసేపూ రిక్లెయిమ్ చేసుకుంటూ ఈడుస్తుంది, లిమిట్ కాస్త వదులుగా పెట్టండి.