న్యూ ఆర్లీన్స్ వెళ్తే అప్‌స్టెయిర్స్ లౌంజ్ దగ్గర ఆగండి

హ్యూస్టన్ నుంచి న్యూ ఆర్లీన్స్‌కి కారులో ఐదారు గంటలు. లాంగ్ వీకెండ్ దొరికితే చాలు మనవాళ్ళు బయల్దేరతారు, బోర్బన్ స్ట్రీట్, పంచదార చల్లిన వేపుడు తీపి బెన్యేలు, మిసిసిపిలో స్టీమర్, అయిపోయింది. అక్కడికి కాస్త దూరంలోనే ఐబర్‌విల్, చార్టర్స్ వీధులు కలిసే మూల మీద మూడంతస్తుల పాత బిల్డింగ్ ఉంది, దాన్ని దాటుకుని పోకండి.

1973లో ఆ మేడ మీద అప్‌స్టెయిర్స్ లౌంజ్ అనే గే బార్ ఉండేది. పియానో, పాటలు, ఆదివారం సాయంత్రాలు గేలని కలుపుకుపోయే మెట్రోపాలిటన్ కమ్యూనిటీ చర్చి వాళ్ళ సందడి. జూన్ 24, ఆదివారం, రాత్రి 8 కావస్తోంది. కింద బెల్ మోగితే తలుపు తీశారు, మెట్ల మీది మంట ఒక్కసారిగా లోపలికి ఎగదన్నింది. ఎవరో లైటర్ ఫ్లూయిడ్ పోసి అంటించారు. కిటికీలకేమో కమ్మీలు. బార్‌టెండర్ బడ్డీ రాస్ముస్సెన్ దాదాపు 20 మందిని వెనక తలుపు గుండా తప్పించాడు, ఆ చర్చి పాస్టర్ బిల్ లార్సన్ మాత్రం కమ్మీల మధ్య ఇరుక్కుని అక్కడే కాలిపోయాడు, గంటల తరబడి ఆయన శవాన్ని దించలేదు. మొత్తం 32 మంది చనిపోయారు. ఎవరి మీదా కేసే పెట్టలేదు. రోడ్డుకి అవతలి పక్క నిలబడి ఆ కిటికీలు చూడండి, వీధి ఎంత ఇరుకో, నేల ఎంత దగ్గరో తెలుస్తుంది, నాకైతే కడుపులో దేవేసింది.

2003లో ఫుట్‌పాత్‌లోనే ఒక కంచు ఫలకం పెట్టారు, చనిపోయిన వాళ్ళ పేర్లతో. మేము వెళ్ళినప్పుడు జనం దాని మీద నుంచే నడిచిపోతున్నారు. ఇంత ఘోరానికి ఇదేనా గుర్తు అనిపించింది. సిటీ కౌన్సిల్ క్షమాపణ చెప్పింది కూడా 2022లోనే.

అక్కడి నుంచి నార్త్ ర్యాంపార్ట్ స్ట్రీట్‌లోని సెయింట్ మార్క్స్ మెథడిస్ట్ చర్చికి నడిచి వెళ్ళొచ్చు. చాలా చర్చిలు తలుపులు మూసేసినప్పుడు సంతాప సభకి చోటిచ్చింది ఇదే. తర్వాత నగరానికి తూర్పు వైపున్న రెస్ట్‌హేవెన్ శ్మశానానికి వెళ్ళండి. రెండో ప్రపంచ యుద్ధంలో పనిచేసిన ఫెర్రిస్ లెబ్లాంక్‌ని, గుర్తుపట్టలేని మరో ముగ్గురిని అక్కడ అనాథ శవాల్లా పూడ్చిపెట్టారు. ఆయన సంగతి కుటుంబానికి తెలిసేసరికి నలభై ఏళ్ళు దాటింది. అక్కడ నీడ తక్కువ, ఉదయమే వెళ్ళండి, నీళ్ళు తీసుకెళ్ళండి.

బస ఈ బార్, బోర్బన్ స్ట్రీట్ ఉన్న పాత పేట ఫ్రెంచ్ క్వార్టర్‌లో వద్దు, గోలకి నిద్ర పట్టదు, పార్కింగ్ ఖర్చు వాచిపోతుంది. మేము కెనాల్ స్ట్రీట్ అవతల దిగాం, హాయిగా ఉంది. శాకాహారులు రెడ్ బీన్స్ అన్నంలో సాసేజ్ ఉందేమో ముందే అడగండి. రాత్రి పూట దెయ్యాల టూర్ ఒకటి బుక్ చేసుకున్నాం, ఆ గైడ్ ఈ మంటల కథని భయపెట్టే కబుర్లా చెప్పి నవ్వించబోయాడు. చాలా కోపం వచ్చింది. అలాంటి టూర్లకి డబ్బు పెట్టకండి, గే చరిత్ర మీద ప్రత్యేకంగా నడిపించే గైడ్‌ని వెతుక్కోండి.