దాతల పటాలు చదవడం: రాజమండ్రి బసగా ఒక రోజు

కాలేజీలకూ సత్రాలకూ దానమిచ్చిన జమీందార్ల పాత చిత్రపటాల కోసం గోదావరి డెల్టాకు వచ్చేవాళ్లు రాజమండ్రిలో దిగడమే మేలు. కాకినాడలో బస హాయిగా ఉంటుంది గానీ, పొద్దున్నే అరవై కిలోమీటర్ల బస్సు ప్రయాణం తప్పదు. స్టేషన్ పక్కన లాడ్జీ చవకే, నిద్ర మాత్రం పట్టదు. నాలుగు డబ్బులెక్కువైనా గోదావరి గట్టు వైపు గది చూసుకోండి.

మొదట దామెర్ల రామారావు ఆర్ట్ గ్యాలరీ. సెలవు రోజేదో ముందే కనుక్కోండి. బొంబాయి జె.జె. ఆర్ట్ స్కూల్లో చదివిన ఈ చిత్రకారుడు (1897–1925) ఇరవై ఎనిమిదేళ్లు నిండకుండానే పోయారు. ఇక్కడికి వెళ్లేది రాజుల కోసం కాదు. ఆయన ‘పుష్పాలంకరణ’ చిత్రం ముందు కాసేపు నిలబడితే, కిరీటం, కత్తి లేకుండా ఒంటి వంపుతోనే మనిషిని ఎలా చెప్పొచ్చో కంటికి అలవాటవుతుంది.

ఆ కంటితో పాత కాలేజీలు, సత్రాల హాళ్లలోని దాతల పటాలు చూడాలి. ఆఫీసులో అడిగితేనే తలుపు తీస్తారు. మధ్యాహ్న భోజనం వేళ వెళ్తే పని కాదు. ముందు నేలమీది గళ్లు, బల్ల అంచులు ఏ ఎత్తున కలుస్తాయో గీత సాగదీసి చూడండి. అదే చిత్రకారుడి కంటి మట్టం. అది దొరగారి నడుము దగ్గరుంటే మనం ఆయన్ని తలెత్తి చూస్తున్నట్టే. వెనక స్తంభం, ఎర్ర తెర, తలపాగాపై కలికితురాయి, కత్తి పిడిమీద చెయ్యి: హోదా అంతా వీటిదే. పటం కొలతా హోదాలో భాగమే. ఇంగ్లండు వాడుకలో నిలువెత్తు పటానికి 94×58 అంగుళాలు, ముఖానికీ భుజాలకీ 30×25. కొలతను బట్టే చిత్రకారుడి కూలి.

గుణం మాత్రం ముఖంలోనూ చేతుల్లోనూ వెతకాలి. దొర కూర్చున్నప్పుడు ముఖం రాసి, బట్టలు, ఒక్కోసారి చేతులు కూడా, తర్వాత శిష్యులతో పూర్తిచేయించడం ఐరోపాలో మామూలు. అందుకే కొన్ని పటాల్లో ముఖం ముసలిదైనా చేతులు కుర్రవాడివిగా కనిపిస్తాయి.

ఇంకో మోసం: ఫొటోను పెద్దది చేసి దానిమీద రంగు పూయడం. పక్కనుంచి టార్చి వేస్తే కుంచె గట్లు నగల దగ్గరే లేస్తాయి, ముఖం చదునుగా ఉంటుంది. పటానికి అద్దముంటే ఫొటో ఎదురుగా తీయకండి, ట్యూబ్‌లైటే పడుతుంది. ఇక్కడి తేమకు కాన్వాసు వదులై మూలల్లో ముడత పడుతుంది, బూజూ పడుతుంది. అది చిత్రకారుడి తప్పు కాదు.

సాయంత్రం ధవళేశ్వరంలో కాటన్ మ్యూజియానికి గంట చాలు. ఆటో బేరం ముందే తేల్చుకోండి. ఐరోపాలో రాజులకూ సేనానులకూ దక్కిన, గుర్రమెక్కిన విగ్రహం ఈ జిల్లాల్లో ఆనకట్ట కట్టిన ఇంజనీరు కాటన్‌కు దక్కింది.