శ్రీకాకుళం నుంచి దుబాయ్: ఎక్కడ దిగాలి, దేనికి ఎంత పెట్టాలి

సోంపేట, కవిటి, కంచిలి వైపు దుబాయ్ కొత్త పేరు కాదు. వెల్డరుగానో ఫిట్టరుగానో రిగ్గరుగానో ఒక్కరైనా గల్ఫ్ వెళ్లని ఊరు ఉద్దానంలో వెతకాల్సిందే. ఇప్పుడు వాళ్ల అమ్మానాన్నలు, భార్యాపిల్లలు కూడా ఓ వారం చూసొద్దామని బయల్దేరుతున్నారు. మన ఊళ్లలో అమ్మే నాలుగు రాత్రుల ప్యాకేజీలు వీళ్ల కోసం కట్టినవి కావు. మాల్ నుంచి మాల్‌కి తిప్పుతాయి, భోజనం దొరకని చోట దింపుతాయి, కొడుకునో భర్తనో కలవడానికి ఒక పూట కూడా మిగల్చవు. సొంతంగా వేసుకుంటే అంతే ఖర్చులో ఇంతకన్నా బాగా చూడొచ్చు.

ముందు ఊరి ఆకారం తెలియాలి. దుబాయ్ సముద్రం వెంట పొడుగ్గా సాగిన ఊరు. పాత ఊరు దేరా నుంచి కొత్త ఊరు మెరీనాకి సుమారు 35 కిలోమీటర్లు, అంటే శ్రీకాకుళం నుంచి విజయనగరం దూరంలో సగం. అంతా ఒకే ఊరు. బస ఎక్కడ పెట్టుకున్నారన్న దాన్నిబట్టే మిగతా ఖర్చులన్నీ తేలతాయి.

కాలం సంగతి. నవంబరు నుంచి మార్చి దాకా హాయిగా ఉంటుంది. జూన్ నుంచి సెప్టెంబరు దాకా హోటల్ అద్దెలు బాగా దిగుతాయి, ఆ ధర చూసి మోసపోకండి. పగలు 40 డిగ్రీలు దాటడం ఒక్కటే ఇబ్బంది కాదు. సముద్రపు తేమ వల్ల రాత్రి కూడా ఉక్కపోత తగ్గదు, అర కిలోమీటరు నడిస్తే చొక్కా తడిసిపోతుంది. జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 దాకా మధ్యాహ్నం 12:30 నుంచి 3 గంటల వరకు ఎండలో పని చేయించకూడదని అక్కడి ప్రభుత్వమే నిషేధం పెట్టింది. కూలీకే వద్దన్న ఎండలోకి అరవై దాటిన తల్లిదండ్రులను చూడ్డానికని తీసుకెళ్లకూడదు. వాన అరుదు. కానీ 2024 ఏప్రిల్ 16న, 1949లో లెక్కలు మొదలైనప్పటి నుంచి ఎన్నడూ లేనంత వాన పడింది. విమానాశ్రయంలోకి నీళ్లొచ్చి రోజుల తరబడి విమానాలు తప్పాయి. ఎడారిలో కట్టిన రోడ్లకు వాననీరు పోయే దారి అంతగా పెట్టలేదు. ఆ తరువాతే 3,000 కోట్ల దిర్హమ్‌లతో కాలువల పథకం ప్రకటించారు. తిరుగు టికెట్టుకీ ఇంటి దగ్గర తప్పనిసరి పనికీ మధ్య ఒక రోజు ఖాళీ ఉంచుకోండి.

బస విషయంలో మా మాట ఒకటే. మొదటిసారి వెళ్లేవాళ్లు దేరా, బర్ దుబాయ్, కరామాల్లో ఎక్కడో ఒకచోట దిగండి. ఊళ్లోకి చొచ్చుకొచ్చిన సముద్రపు పాయ క్రీక్. దానికి అటూ ఇటూ ఉన్న ఈ పేటల్లో అన్నం, పప్పు, చారు దొరికే హోటళ్లు నడిచే దూరంలో ఉంటాయి. రెడ్ లైన్, గ్రీన్ లైన్ మెట్రోలు యూనియన్, బర్జుమాన్ స్టేషన్లలో కలుస్తాయి. ఆ రెండింటికి పది నిమిషాల నడకలో రూము దొరికితే అంతకన్నా మంచి చోటు లేదు. లోపం లేదని కాదు. భవనాలు పాతవి, గదులు ఇరుకు, రాత్రి వీధిలో సందడి. కింద క్లబ్బు నడిచే హోటళ్లు కొన్ని ఉంటాయి, వాటిలో తెల్లవారుజాము దాకా నిద్ర ఉండదు. కుటుంబంతో వెళ్లేవాళ్లు రివ్యూల్లో ఆ ఒక్క మాట వెతికి చూసి మరీ బుక్ చేసుకోవాలి.

బుర్జ్ ఖలీఫా పక్కనున్న డౌన్‌టౌన్‌లో కిటికీ తెరిస్తే కనిపించే దృశ్యానికే సగం అద్దె. మెరీనా పిల్లలకు బాగుంటుంది, సముద్రం దగ్గర. కానీ మన తిండి కోసం మళ్లీ కరామా రావాలి. ఇక చాలామంది పొరపాటు పడే చోటు కొత్త కాలనీలు. జుమేరా విలేజ్ సర్కిల్, దుబాయ్ సౌత్‌లాంటి చోట్ల కొత్త ఫ్లాట్లు, ఈత కొలను, వంటగది, అన్నీ తక్కువ ధరకు కనిపిస్తాయి. మెట్రో మాత్రం దగ్గర్లో ఉండదు. రోజుకు రెండుసార్లు టాక్సీ ఎక్కితే అద్దెలో మిగిలింది అక్కడే పోతుంది. నెలకు పైగా ఉండి ఇంట్లో వండుకునేవాళ్లకైతే ఇవే మేలు. ఫ్లాటు తీసుకుంటే పర్యాటక శాఖ ఇచ్చిన హాలిడే హోమ్ పర్మిట్ నంబరు అడగండి. మరీ చౌకగా ‘బెడ్ స్పేస్’, ‘పార్టిషన్’ అని వచ్చే ప్రకటనల జోలికి పోవద్దు. హాలుకి చెక్కలు కొట్టి గదులు చేయడం అక్కడ నేరం. 2025లో అల్ రిగ్గా, సత్వా వైపు మునిసిపాలిటీ వాళ్లు వరసగా తనిఖీలు చేశారు.

బుకింగ్ తెరమీద కనిపించే అద్దె మొత్తం కాదు. దానిమీద 10 శాతం సర్వీస్ చార్జి, 7 శాతం మునిసిపాలిటీ రుసుము, 5 శాతం వ్యాట్ పడతాయి. ఇవి కాక టూరిజం దిర్హమ్ అని గదికి రాత్రికి 7 నుంచి 20 దిర్హమ్‌లు, హోటల్ స్థాయినిబట్టి, కౌంటర్ దగ్గర విడిగా కట్టాలి. డిపాజిట్ కూడా పట్టి ఉంచుతారు. డెబిట్ కార్డు ఇస్తే ఆ డబ్బు వెనక్కి రావడానికి వారం పది రోజులు పట్టొచ్చు కాబట్టి క్రెడిట్ కార్డో నగదో ఇవ్వండి. లెక్కకు దిర్హమ్‌కు 25 రూపాయలు వేసుకోండి.

మెట్రో 2009 సెప్టెంబరు 9న మొదలైంది. డ్రైవరు ఉండడు, పిల్లల్ని ముందు పెట్టెలో కూర్చోబెడితే ఊరంతా కనిపిస్తుంది. మెట్రో ఎక్కడానికి వాడే నోల్ సిల్వర్ కార్డు 25 దిర్హమ్‌లు, అందులో 19 ప్రయాణానికి వాడుకోవచ్చు. ఒక జోన్‌లో 3, రెండు జోన్లకు 5, అంతకు మించితే 7.50. దేరా నుంచి మెరీనాకి 7.50 పడుతుంది. రోజుకు మూడు నాలుగు దూర ప్రయాణాలు ఉంటేనే 20 దిర్హమ్‌ల డే పాస్ గిట్టుబాటు. ఆదివారం ఉదయం 8 గంటలకు గానీ రైలు మొదలవదు. చాలామంది అది తెలియక స్టేషన్ మెట్ల మీద కూర్చుంటారు. పెట్టెలో తినడం, నీళ్లు తాగడం, బబుల్‌గమ్ నమలడం కుదరదు, 100 దిర్హమ్‌ల జరిమానా. ఆడవాళ్లకు, పిల్లలకు విడి పెట్టె ఉంటుంది. నేలమీది గులాబీ గీత దాటి మగవాళ్లు నిలబడితే దానికీ అంతే. ఇంకో చిక్కు, స్టేషన్ల పేర్లు స్పాన్సర్లనుబట్టి మారుతుంటాయి. పాతకాపులు ‘అల్ కరామా స్టేషన్’ అనేది ఇప్పుడు ఏడీసీబీ, ‘అల్ ఫహీదీ’ అనేది షరఫ్ డీజీ. ఫోనులో చెప్పిన పేరు నమ్ముకోకుండా మ్యాప్ చూసుకుని దిగండి.

విమానాశ్రయం దగ్గర టాక్సీ మీటరు 25 దిర్హమ్‌లతోనే మొదలవుతుంది. దేరాకి 40 చుట్టూ అవుతుంది, మెరీనాకి 100 దాటుతుంది. దారిలో సాలిక్ టోల్ గేట్లు ఉంటే అవి బిల్లులో కలుస్తాయి, అది మోసం కాదు. మెట్రోలో మనిషికి ఒక పెద్ద పెట్టె, ఒక చిన్న పెట్టె వరకే అనుమతి. నలుగురు, ఆరు పెట్టెలు అయితే టాక్సీయే మంచిది.

చూడాల్సిన వాటిలో మొదటిది క్రీక్. దేరా నుంచి బర్ దుబాయ్‌కి అబ్రా అనే చెక్క పడవ, మనిషికి 1 దిర్హమ్, చిల్లర చేతిలో ఉండాలి. సాయంత్రం ఐదింటికి ఎక్కితే వెలుగు బాగుంటుంది. ఊరు పుట్టింది ఇక్కడే. 1960ల మొదట్లో ఈ కయ్యను లోతు చేయించాకే పెద్ద పడవలు లోపలికి రాగలిగాయి. నూనె దొరికింది 1966లో. అంటే వర్తకం ముందు, నూనె తరువాత. ఆ ఏడాది దాకా అక్కడ చెలామణి అయింది మన రిజర్వ్ బ్యాంకు అచ్చేసిన రూపాయలే. అల్ ఫహీదీ పేటలో గాలిని కిందికి దించే బురుజుల ఇళ్లు చూసి, పడవ మీద అవతలి గట్టుకొచ్చి దేరాలోని సుగంధ ద్రవ్యాల సంత తిరిగితే ఒక పూట నిండుతుంది. దాదాపు ఖర్చే లేని పూట.

బుర్జ్ ఖలీఫా 828 మీటర్లు. 124, 125 అంతస్తుల టికెట్టు చాలు. 148కి ఇంకా ఎక్కువ పెట్టినంత మాత్రాన కళ్లకు కనిపించేది పెద్దగా మారదు. సూర్యాస్తమయం వేళ టికెట్టు బాగా ప్రియం, ఉదయం తక్కువ. మెట్రో దిగాక మాల్ లోపలికి ఎనిమిది వందల మీటర్లకు పైగా ఏసీ వంతెన నడవాలి. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లను నేరుగా మాల్ గుమ్మం దాకా టాక్సీలో తీసుకెళ్లండి. పైకి వెళ్లడానికి డబ్బు పెట్టడం ఇష్టం లేకపోతే కింద ఫౌంటెన్ ఉచితం. దుబాయ్ ఫ్రేమ్ ఎత్తు 150 మీటర్లే, టికెట్టు కూడా బుర్జ్ ఖలీఫాతో పోలిస్తే చాలా తక్కువ. ఒక పక్క పాత ఊరు, ఇంకో పక్క కొత్త ఊరు కనబడేది మాత్రం అక్కడినుంచే. రెండింటిలో ఒకటే అంటే ఫ్రేమే ఎంచుకోమంటాం.

తేలినీలాపురం కొంగల్ని చూసి పెరిగినవాళ్లు రాస్ అల్ ఖోర్ వదలకండి. క్రీక్ చివర ఉప్పు మడుగులో చలికాలం రాజహంసలు గుంపులుగా దిగుతాయి. వెనక ఆకాశహర్మ్యాలు, ముందు గులాబీ రెక్కలు. ప్రవేశం ఉచితం. ఉదయం వెళ్లాలి, దూరం నుంచి చూసేందుకు దుర్భిణి ఉంటే మంచిది.

ఎడారి సఫారీ మనిషికి 100 నుంచి 250 దిర్హమ్‌ల మధ్య దొరుకుతుంది. తేడా ఎక్కువగా బండిలో ఎంతమంది, శిబిరంలో ఎంత రద్దీ అన్న దాంట్లోనే. ఇసుకలోకి దిగేముందు టైర్లలో గాలి సగం దాకా తీస్తారు, టైరు వెడల్పుగా పరుచుకుంటే ఇసుకలో కూరుకుపోదు. ఆ తరువాత అరగంట కుదుపులు. మధ్యాహ్నం అన్నం నిండుగా తిని ఎక్కినవాళ్లు వాంతులు చేసుకుంటారు, రెండు గంటల ముందే తేలిగ్గా తినేయాలి. గర్భిణులు, నడుము, గుండె జబ్బు ఉన్నవాళ్లు దిబ్బలెక్కకూడదు. వాళ్లను రోడ్డు దారిన శిబిరానికి చేర్చమని బుకింగ్ అప్పుడే మాట తీసుకోండి.

గుడికి వెళ్లాలనుకునేవాళ్లకు బర్ దుబాయ్‌లో పాత శివాలయం ఉందని ఎవరైనా చెబితే అది పాత కబురు. 2024 జనవరి నుంచి దాని దర్శనాలు జెబెల్ అలీలోని కొత్త ఆలయంలోనే, అది 2022 అక్టోబరులో తెరిచారు. అబుదాబి దారిలో అబూ మురైఖా దగ్గర రాజస్థాన్ ఎర్రరాయితో కట్టిన స్వామినారాయణ మందిరం 2024 ఫిబ్రవరి 14న మొదలైంది. ఏడు ఎమిరేట్లకు ఏడు గోపురాలు. సోమవారం సెలవు, ముందుగా ఆన్‌లైన్‌లో పేరు నమోదు చేసుకోవాలి. అబుదాబికి బస్సు 25 దిర్హమ్‌లే, కానీ అది గుడి దగ్గర దించదు. నలుగురుంటే రోజుకి కారు మాట్లాడుకుని ఉదయం గుడి, మధ్యాహ్నం నుంచి షేక్ జాయెద్ మసీదు చూసుకోవచ్చు. మసీదుకి ఆడవాళ్లు తలకు గుడ్డ, నిండు చేతులు, మగవాళ్లు నిండు ప్యాంటు. రెండూ ఉచితం.

ఊరు పెరిగే తీరు గురించి ఒక మాట, భోగాపురం చుట్టూ లేఔట్లు చూస్తున్న మనవాళ్లకు పనికొస్తుంది. దుబాయ్‌లో రెండో విమానాశ్రయం అల్ మక్తూమ్ 2010లో సరకు విమానాలతో మొదలై 2013లో ప్రయాణికులకు తెరుచుకుంది. అయినా రద్దీ అంతా పాత విమానాశ్రయంలోనే ఉండిపోయింది, 2024లో అక్కడినుంచి 9 కోట్ల 23 లక్షల మంది ప్రయాణించారు. అల్ మక్తూమ్ చుట్టూ వేసిన దుబాయ్ సౌత్ ఏళ్ల తరబడి నింపాదిగానే నిండింది. 2024 ఏప్రిల్‌లో 12,800 కోట్ల దిర్హమ్‌ల విస్తరణ ఒప్పుకున్నాకే అక్కడ క్రేన్లు వేగం అందుకున్నాయి. విమానాశ్రయం వచ్చినంత మాత్రాన ఊరు రాదు, విమానాలు అక్కడికి మారాలి, రైలు రావాలి. ఇప్పుడు 30 కిలోమీటర్ల బ్లూ లైన్ కడుతున్నారు, 2029 సెప్టెంబరు 9కి నడపాలని లక్ష్యం. మాల్స్‌లో ఆపి ఫ్లాట్లు చూపిస్తామనేవాళ్లకు తలూపే ముందు మెట్రో ఎంత దూరమో, ఏటా చదరపు అడుగుకి సర్వీస్ చార్జి ఎంతో అడగండి. రిజిస్ట్రేషన్‌కి 4 శాతం అదనం. ఇంకా కట్టని ఫ్లాటుకి డబ్బు ఆ ప్రాజెక్టు కోసమే బ్యాంకులో విడిగా పెట్టే ఎస్క్రో ఖాతాలోకే వెళ్లాలి, వ్యక్తి పేరుమీద చెక్కు ఇవ్వద్దు.

సామాను కట్టేటప్పుడు గసగసాలు తీసేయండి. మనకు మసాలా దినుసు, అక్కడ మత్తు పదార్థం కింద లెక్క. చికెన్ మసాలా పొడిలో కలిసి ఉన్నా చిక్కే. తమలపాకులు, పాన్ సామగ్రి కూడా నిషేధం. పలాస జీడిపప్పు, భీమాళి మామిడి తాండ్ర నిక్షేపంగా తీసుకెళ్లొచ్చు. ఆవకాయ చెక్‌ఇన్ పెట్టెలో, రెండు కవర్ల లోపల. కొడీన్ ఉన్న దగ్గుమందు, ట్రమడాల్ లాంటి నొప్పి మాత్రలు ముందస్తు అనుమతి లేకుండా వద్దు. బీపీ, షుగర్ మందులకు డాక్టరు చీటీ ఇంగ్లీషులో దగ్గర ఉంచుకోండి. ప్లగ్గులు మూడు పలకల పిన్నులవి, అడాప్టర్ ఇక్కడే కొనండి. వాట్సాప్‌లో మాట్లాడటం కుదరదు, సందేశాలు మాత్రం వెళ్తాయి.

వీసా 30 లేదా 60 రోజులది. గడువు దాటితే రోజుకు 50 దిర్హమ్‌ల జరిమానా. తిరుగు టికెట్టు, బస రుజువు చేతిలో ఉండాలి. పదో తరగతి పాసవనివారి పాస్‌పోర్టు ఈసీఆర్ (పనికి వెళ్లాలంటే మన ప్రభుత్వ అనుమతి కావాల్సిన రకం) అయి ఉంటే ఇమిగ్రేషన్‌లో ప్రశ్నలు ఎక్కువ. మీ బంధువు వీసా, ఎమిరేట్స్ ఐడీ నకళ్లు పెట్టుకోండి. ‘విజిట్ వీసా మీద వెళ్లు, అక్కడ పని చూపిస్తాం’ అనే ఏజెంటుకి పైసా ఇవ్వొద్దు. పనికి మన ప్రభుత్వ వెబ్‌సైటు ఈమైగ్రేట్ దారి తప్ప వేరే సరైన దారి లేదు.

బంగారం కొంటే రోజు ధర అన్ని దుకాణాల్లో ఒకటే, బేరం మజూరీ మీదే. 250 దిర్హమ్‌లు దాటిన కొనుగోలుకు టూరిస్టు వ్యాట్ వాపసు అడగండి. పాస్‌పోర్టు చూపించి ట్యాగ్ వేయించుకుని, విమానాశ్రయంలో పెట్టెలు ఇచ్చేయకముందే వ్యాట్ కౌంటర్‌కి వెళ్లాలి. కట్టిన పన్నులో చాలావరకు, ట్యాగుకి కొంత రుసుము తగ్గించి ఇస్తారు. ఆడవాళ్లకు 40 గ్రాములు, మగవాళ్లకు 20 గ్రాముల నగలు సుంకం లేకుండా తేవచ్చన్నది ఏడాదికి పైగా విదేశంలో ఉండి వచ్చేవారికే. వారం రోజుల యాత్రికులకు అది వర్తించదు.

ఇక మనవాళ్లను కలవడం. సోనాపూర్, అల్ కూజ్, జెబెల్ అలీల్లోని కార్మికుల క్యాంపుల్లోకి బయటివాళ్లను సాధారణంగా పంపరు. చాలామందికి సెలవు ఆదివారమే, అదీ పొద్దున బట్టలు ఉతుక్కుని వంట చేసుకున్నాక. కంపెనీ బస్సో సిటీ బస్సో పట్టుకుని దేరా చేరేసరికి మధ్యాహ్నం అవుతుంది. బనియాస్ స్క్వేర్ అందరికీ తెలిసిన చోటు, మెట్రో పక్కనే, తిండి చౌక. రాత్రి క్యాంపు వేళకి వెనక్కి చేరాలి, మర్నాడు తెల్లవారుజామునే పనికి బస్సు. కాబట్టి చేతికి దొరికేది నాలుగైదు గంటలే. సఫారీలు, టవర్లు వేసుకోకముందే ఆ ఆదివారం మొత్తం ఖాళీగా ఉంచి, విమానం టికెట్టు దానికి అటూ ఇటూ తీసుకోండి.