వియెమ్‌తో రెండున్నరేళ్లు: తెలియనిది తెలియదని చెప్పే డీకోడర్

ఇథీరియం బ్లాక్‌చెయిన్‌తో పని చేయడానికి వాడే టైప్‌స్క్రిప్ట్ లైబ్రరీ వియెమ్. దానికి మారకముందు స్మార్ట్ కాంట్రాక్టుకు, అంటే బ్లాక్‌చెయిన్ మీద నడిచే ప్రోగ్రామ్‌కు, పంపే డేటాను చేత్తో పేర్చడం నాకు అలవాటు. ఫంక్షన్ సంతకాన్ని (దాని పేరు, అది తీసుకునే విలువల రకాలు) కెచ్చాక్-256 అనే పద్ధతితో హ్యాష్ చేసి మొదటి 4 బైట్లు తీసుకోవడం, వాటి వెనుక ఒక్కో విలువనూ 32 బైట్ల గడిలో సర్దడం. టోకెన్ బదిలీకి ఇది తేలికే. 4 బైట్లు, చిరునామాకు 32, పంపే మొత్తానికి 32, అన్నీ కలిపి 68. దాంతో ఏబీఐ (కాంట్రాక్టు ఫంక్షన్లేమిటో, వాటి విలువలను బైట్లుగా ఎలా సర్దాలో చెప్పే వివరణ) నాకు పట్టుబడిందనే అనుకున్నాను. చిరునామాతో పాటు స్ట్రింగ్ కూడా తీసుకునే ఫంక్షన్ ఎదురైనప్పుడు అసలు సంగతి తెలిసింది. స్ట్రింగ్‌కు కేటాయించిన గడిలో స్ట్రింగ్ ఉండదు, అది ఎక్కడ మొదలవుతుందో చెప్పే దూరం ఉంటుంది. ఆ దూరాన్ని మొదటి 4 బైట్లు వదిలేసి లెక్కించాలి. నేను వాటినీ కలుపుకుని 64 రాయవలసిన చోట 68 రాశాను. ఒక మధ్యాహ్నమంతా సున్నాల వరుసలను కళ్లలో ఒత్తులు వేసుకుని చూస్తే గానీ దొరకలేదు.

వియెమ్‌లో ఏబీఐ, ఫంక్షన్ పేరు, విలువలు ఇస్తే ఈ సర్దుడంతా అదే చూసుకుంటుంది. ఇన్నాళ్లలో ఎన్‌కోడింగ్‌లో ఒక్క తప్పు బైటు కూడా నా కంట పడలేదు. అయితే ఎన్‌కోడింగ్ మంచి లైబ్రరీలన్నీ సరిగ్గానే చేస్తాయి. నేను దీన్ని పట్టుకుని ఉండటానికి కారణం డీకోడింగ్, అంటే వచ్చిన బైట్లను తిరిగి విలువలుగా చదవడం.

జరిగినదాన్ని కాంట్రాక్టు ఈవెంట్‌గా ప్రకటిస్తుంది, అది బ్లాక్‌చెయిన్‌లో లాగ్‌గా నమోదవుతుంది. ఈఆర్‌సీ-20 టోకెన్లలోనూ (ఒకదానికొకటి తేడా లేనివి), ఈఆర్‌సీ-721 టోకెన్లలోనూ (ఒక్కోదానికి సొంత సంఖ్య ఉన్నవి) ట్రాన్స్‌ఫర్ అనే ఈవెంట్ ఉంది. రెండిట్లోనూ రెండు చిరునామాలు, ఒక 256 బిట్ల సంఖ్య. ఏ విలువ ఇండెక్స్ అయిందన్నది, అంటే వెతకడానికి వీలుగా టాపిక్ అనే విడి గడిలోకి వెళ్లిందన్నది, సంతకంలోకి రాదు కాబట్టి రెండింటి హ్యాష్ ఒకటే. ఆ హ్యాష్ ఉండే మొదటి టాపిక్ చూసి ఏది ఏదో చెప్పలేం. ఈఆర్‌సీ-20లో టాపిక్‌లు 3, ఎంత బదిలీ అయిందన్నది డేటా భాగంలో ఉంటుంది. ఈఆర్‌సీ-721లో టోకెన్ సంఖ్య కూడా టాపిక్‌గానే వస్తుంది, కాబట్టి టాపిక్‌లు 4, డేటా ఖాళీ. నా పాత కోడ్ ఆ ఖాళీని సున్నాగా చదివేది. సున్నా మొత్తంతో జరిగిన బదిలీలు నివేదికలో వందల కొద్దీ చేరాయి, ఎక్కడా ఎర్రర్ లేదు. అదే లాగ్‌ను ఈఆర్‌సీ-20 ఏబీఐతో వియెమ్‌కు ఇస్తే డేటా చాలడం లేదని ఎర్రర్ ఇచ్చి ఆగిపోతుంది. ఈ కచ్చితత్వం దాని సహజ స్థితి, కావాలంటే మనమే సడలించుకోవాలి. నేను ఎప్పుడూ సడలించలేదు.

లాగ్‌లను గుంపుగా డీకోడ్ చేసే ఫంక్షన్ విషయంలో మాత్రం జాగ్రత్త అవసరం. ఏబీఐతో పొసగని లాగ్‌లను అది చడీచప్పుడు లేకుండా వదిలేస్తుంది. అందుకే లోపలికి వెళ్లిన లాగ్‌లెన్నో, బయటికి వచ్చినవెన్నో నేను ప్రతిసారీ లెక్క చూసుకుంటాను.

కాంట్రాక్టే లేని చిరునామాను పిలిస్తే ఖాళీ జవాబు వస్తుంది. దాన్నీ ఇది సున్నా అనుకోదు, డీకోడ్ చేయడానికి డేటా లేదని చెబుతుంది. కాంట్రాక్టు తిరస్కరించిన పిలుపుల్లోనూ ఇదే పద్ధతి. మామూలు స్ట్రింగ్ ఎర్రర్‌నూ, పానిక్‌నూ (లోపలి తప్పును ఒక సంఖ్యతో చెప్పే ఎర్రర్) ఏబీఐలో రాయకపోయినా గుర్తుపడుతుంది. పానిక్ 17 వస్తే అంకెల లెక్క హద్దు దాటిందని అర్థం. కాంట్రాక్టు సొంతంగా నిర్వచించుకున్న ఎర్రర్ ఏబీఐలో లేకపోతే దాని సంతకపు 4 బైట్లనూ చూపించి, ఈ సంతకం దొరకలేదని చెబుతుంది. ఆ 4 బైట్లు చేతిలో ఉంటే మిగతా వెతుకులాట నిమిషాల పని.

ఇబ్బందులూ ఉన్నాయి. ఫంక్షన్ ఒకటికి మించి విలువలు తిరిగి ఇస్తే, ఏబీఐలో వాటికి పేర్లున్నా చేతికి వచ్చేది పేర్లు లేని వరుస. టోకెన్లను మార్చుకునే వేదిక యూనిస్వాప్ వి2లో, ఒక టోకెన్ల జతను చూసుకునే కాంట్రాక్టును నిల్వలు అడిగితే మూడు విలువలు వస్తాయి. మొదటి రెండూ ఒకే రకం కాబట్టి వాటిని తారుమారు చేసినా టైప్‌స్క్రిప్ట్ పట్టుకోలేదు. స్ట్రక్ట్ (పేర్లున్న విలువల గుంపు) తిరిగి వస్తే పేర్లు ఉంటాయి, ఇక్కడ ఉండవు. రెండున్నరేళ్ల తరువాత కూడా ఇది నాకు మింగుడుపడలేదు. ఆ మూడో విలువ 32 బిట్లది కాబట్టి మామూలు సంఖ్యగా వస్తుంది, మొదటి రెండూ 112 బిట్లవి కాబట్టి బిగ్‌ఇంట్‌గా (జావాస్క్రిప్ట్‌లో పెద్ద పూర్ణాంకాలకు ఉన్న వేరే రకం) వస్తాయి. గీత 48 బిట్ల దగ్గర ఉంది. అంతవరకు సంఖ్య, ఆపైన బిగ్‌ఇంట్. జావాస్క్రిప్ట్ సంఖ్య పోగొట్టే అంకెలను కాపాడటానికి ఇది సరైన నిర్ణయమే. కానీ రెండు రకాలనూ కలిపి కూడితే కోడ్ ఆగిపోతుంది, బిగ్‌ఇంట్‌ను జేసన్‌గా (డేటాను అక్షరాల్లో రాసే రూపం) మార్చబోతే అక్కడా ఆగిపోతుంది. స్ట్రింగ్‌గా మార్చే సాయం లైబ్రరీలోనే ఉందని నాకు ఆలస్యంగా తెలిసింది.

ఏబీఐని జేసన్ ఫైలు నుంచి నేరుగా తెచ్చుకుంటే ఆర్గ్యుమెంట్ల టైపులు అందవు. దాన్ని స్థిర విలువగా టైప్‌స్క్రిప్ట్ ఫైలులో పెట్టాలి. పెట్టాక పేరులో ఒక అక్షరం తప్పినా ఎడిటర్‌లోనే ఎర్ర గీత కనిపిస్తుంది. ఆ శ్రమకు ఇది తగిన ఫలమే.

ఒక్క చోట మాత్రం ఈ లైబ్రరీ మనల్ని కాపాడలేదు. మనం ఇచ్చిన ఏబీఐ తప్పు అయి, ఆకారం మాత్రం సరిపోతే, అది నమ్మేస్తుంది. ఒక కాంట్రాక్టు కొత్త కూర్పులో రెండు 256 బిట్ల విలువలు చోట్లు మార్చుకున్నాయి, నా దగ్గరున్నది పాత ఏబీఐ. డీకోడింగ్ సాఫీగా జరిగింది, రెండు సంఖ్యలూ ఒకదాని చోట ఒకటి వచ్చాయి. అప్పటి నుంచి ప్రతి కాంట్రాక్టుకూ విలువ ముందే తెలిసిన పాత లావాదేవీ ఒకటి పరీక్షలో పెట్టుకుంటున్నాను. కొత్త ఏబీఐ ఏది వచ్చినా ముందు దాని మీద డీకోడ్ చేసి చూస్తాను.